జేబులో పట్టేదా.. లెన్స్ మార్చేదా?

మొదటి కెమెరా కొనబోతున్నారా? ముందు ఈ లెక్క చూసుకోండి

కెమెరా కొనాలని గట్టిగానే అనుకున్నారు. ఇంట్లో చెబితే ‘ఫోన్లో బాగానే వస్తున్నాయిగా, మళ్లీ అదెందుకు’ అన్నారు. మీరు పట్టు వదల్లేదు. ట్యూషన్లు చెప్పి దాచుకున్నవి, ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన స్టైపెండ్, నాన్న సర్దుతానన్నవి.. అన్నీ కలిపితే 70 వేల దాకా తేలాయి. తీరా దుకాణానికి వెళ్తే కౌంటర్ మీద రెండు పెట్టారు. ఒకటి అరచేతిలో ఇమిడిపోయే కాంపాక్ట్. రెండోది లెన్స్ ఊడదీసి మార్చుకునే ఎంట్రీ లెవెల్ మిర్రర్‌లెస్. చూస్తే ధరల్లో పెద్ద తేడా లేదు. చిన్నది జేబులో పడిపోతుంది, పెద్దది మెడలో వేసుకుంటే ఫొటోగ్రాఫర్ అనిపించుకోవచ్చు. సేల్స్‌మన్ మెగాపిక్సెల్స్ చెప్తాడు, జూమ్ చెప్తాడు, ఈఎంఐ ఎన్ని నెలలో కూడా చెప్తాడు. ఒక్క ప్రశ్న మాత్రం అడగడు: ‘ఈ కెమెరాతో మీకు మొదటి వెయ్యి రూపాయలు ఎవరిస్తారు?’

సరదాకి కొనుక్కునేవాళ్లకు ఈ ప్రశ్నతో పనిలేదు. నచ్చింది తీసుకోవచ్చు. కానీ ఈ పేజీ చదివేవాళ్లలో చాలామందికి కెమెరా అంటే సరదా ఒక్కటే కాదు. డిగ్రీ పట్టాతో పాటు చేతిలో ఉండే రెండో పని అది. ఉద్యోగం వచ్చేలోపు ఆదుకునేదీ, అదృష్టం బాగుంటే అదే ఉద్యోగమయ్యేదీ కూడా. అందుకని ఆ కోణంలోనే చూద్దాం.

చిన్నదంటే చవక కాదు

పదిహేనేళ్ల కిందట కాంపాక్ట్ అంటే ఏడెనిమిది వేలకు దొరికే ‘డిజిటల్ కెమెరా’. పెళ్లికో, తిరుపతి ప్రయాణానికో ఇంటికొకటి ఉండేది. లోపలి సెన్సర్ చాలా చిన్నది, సుమారు 6 మి.మీ. వెడల్పు, నాలుగున్నర మి.మీ. ఎత్తు. ఆ కెమెరాలను ఫోన్లు మింగేశాయి. ఇప్పుడు కాస్త మంచి ఫోన్లో ఉండే సెన్సరే అంతకంటే పెద్దది. కాబట్టి ఆన్‌లైన్‌లో పేరు కూడా వినని బ్రాండ్ మీద ‘48 మెగాపిక్సెల్, 4కే’ అని రాసి ఐదారు వేలకు అమ్మే కెమెరాల జోలికి వెళ్లకండి. మీ జేబులో ఉన్న ఫోన్ వాటికన్నా నయం.

పోటీలో మిగిలిన కాంపాక్టులు వేరే జాతివి. 2012లో సోనీ ఆర్‌ఎక్స్100తో మొదలైన దారి ఇది. జేబులో పట్టే ఒంట్లోనే ‘ఒక అంగుళం’ సెన్సర్ పెట్టారు. పేరుకే అంగుళం, నిజానికి 13.2 మి.మీ. వెడల్పు, 8.8 మి.మీ. ఎత్తు. దాని తర్వాతి తరాలు, కానన్ జీ7 ఎక్స్ మార్క్ 3, సోనీ జడ్‌వీ-1 అన్నీ ఈ కుటుంబమే. అందుకే ధర కూడా ఎంట్రీ లెవెల్ మిర్రర్‌లెస్‌ను తాకుతుంది. ఫుజిఫిల్మ్ ఎక్స్100 వరసలో 2024లో వచ్చిన కెమెరా అయితే మన దగ్గర లక్షన్నర దాటింది. దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం లేదు. రీల్స్‌లో చూసి మనసు పారేసుకున్నవాళ్లు క్షమించాలి.

ఇక మిర్రర్‌లెస్. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ నుంచి వచ్చే వెలుగును పై అద్దాల గూట్లోకి మళ్లించే ఒక అద్దం ఉండేది. దాన్ని తీసేశారు, పేరూ అదే అయింది. 2008లో పానసోనిక్ జీ1తో ఈ తరహా మొదలైంది. మన బడ్జెట్‌లో కానన్ ఆర్100, ఆర్50, సోనీ జడ్‌వీ-ఇ10, నికాన్ జడ్30 లాంటివి కనిపిస్తాయి. వీటిలో ఉండేది ఏపీఎస్-సి సెన్సర్. కానన్‌లో 22.3 మి.మీ. వెడల్పు, 14.9 మి.మీ. ఎత్తు. సోనీ, నికాన్‌లలో ఇంకాస్త పెద్దది.

గది పెద్దదే.. కిటికీ?

‘పెద్ద సెన్సర్ కాబట్టి తక్కువ వెలుతురులో మిర్రర్‌లెస్సే బెటర్’ అని అందరూ అంటారు. సగం నిజం. మిగతా సగం తెలియక ఎంతోమంది కొన్నాక నిరాశపడతారు. కాస్త కూడికలు, గుణకారాలు చేద్దాం, పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లకు ఇదొక లెక్కా?

కానన్ ఆర్50 సెన్సర్ విస్తీర్ణం సుమారు 332 చదరపు మి.మీ. జీ7 ఎక్స్ మార్క్ 3ది 116. అంటే మిర్రర్‌లెస్ సెన్సర్ దాదాపు మూడింతలు పెద్దది. ఇప్పుడు లెన్స్ చూడండి. కాంపాక్ట్‌కు ఉన్నది ఎఫ్/1.8 లెన్స్. ఆర్50తో పెట్టెలో వచ్చే 18-45 కిట్ లెన్స్ వైడ్‌లో ఎఫ్/4.5, జూమ్ చేస్తే ఎఫ్/6.3. ఎఫ్ నంబర్ తగ్గేకొద్దీ కిటికీ పెద్దదవుతుంది. 4.5ను 1.8తో భాగిస్తే 2.5. దాన్ని వర్గం చేస్తే ఆరుంబావు. అంటే చదరపు మిల్లీమీటరుకు కాంపాక్ట్ ఆరు రెట్లు ఎక్కువ వెలుగును లోపలికి తీసుకుంటోంది. సెన్సర్ మూడింతలు పెద్దదన్నది తీసేసినా, మొత్తం వెలుగులో చిన్న కెమెరాయే రెండింతలు ముందుంది!

గది పెద్దదే కానీ కిటికీ చిన్నది అన్నమాట. సోనీ 16-50 కిట్ లెన్స్ ఎఫ్/3.5 నుంచి మొదలవుతుంది కాబట్టి అక్కడ తేడా తగ్గి ఇంచుమించు సమానమవుతుంది. మొత్తానికి కిట్ లెన్స్‌తోనే సరిపెట్టుకుందామనుకునేవారికి, రాత్రిపూట ఫొటోల విషయంలో మిర్రర్‌లెస్ కొన్నందుకు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

మరి లెన్స్ మారిస్తే? అదే ఆర్50కి 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ తగిలించండి. కిటికీ సమానమైంది, గది మూడింతలు పెద్దది. ఇప్పుడు మిర్రర్‌లెస్ అందనంత దూరం వెళ్లిపోతుంది. వెనకున్నది మసకబారి మనిషి మొహం విడిగా నిలబడే ఆ ‘పోర్ట్రెయిట్ లుక్’, ఫోన్లో సాఫ్ట్‌వేర్ చేసే మాయ కాకుండా నిజంగా వస్తుంది. ఈ లెన్స్ కొత్తది 20 వేల చుట్టుపక్కల ఉంటుంది, బరువు 160 గ్రాములే. ఒక చిక్కుంది. ఏపీఎస్-సి సెన్సర్ మీద 50 మి.మీ. అంటే కాస్త దగ్గరి చూపు. ఇరుకు గదిలో పది మంది గ్రూప్ ఫొటోకు గోడకు ఆనుకుని నిలబడినా చాలదు. గ్రూపులకు కిట్ లెన్స్, మొహాలకు 50. మొదటి ఏడాది ఈ జత చాలు.

కాబట్టి మిర్రర్‌లెస్ బడ్జెట్ వేసుకునేటప్పుడు కెమెరా ధర ఒక్కటే రాసుకోకండి. రెండో లెన్స్ ఇప్పుడు కాకపోయినా ఏడాదిలోపైనా కొనగలరా? కొనలేమనిపిస్తే కాంపాక్ట్ తీసుకోవడమే తెలివైన పని అవుతుంది. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు.

పెళ్లి పందిట్లో మీ స్థానం

మన దగ్గర కెమెరా పట్టుకున్న కుర్రాడికి మొదటి కూలి ఎక్కువగా పెళ్లిళ్ల నుంచే వస్తుంది. ఒక మాదిరి పెళ్లికి కూడా ఇప్పుడు ట్రెడిషనల్ ఫొటో, ట్రెడిషనల్ వీడియో, క్యాండిడ్, సినిమాటిక్, డ్రోన్ అని నలుగురైదుగురు వస్తున్నారు. హల్దీ, సంగీత్, రిసెప్షన్ కలిపితే పని దినాలు కూడా పెరిగాయి. సీజన్లో మంచి ముహూర్తం ఉన్న రోజు ఏ ఊళ్లోనైనా స్టూడియోలకు మనుషులు చాలరు. మీకు తలుపు తెరుచుకునేది అక్కడే. మొదట లైటు పట్టుకోవడం, కార్డులు మార్చడం, రాత్రి డేటా కాపీ చేయడం. నమ్మకం కుదిరాక ‘నువ్వు కూడా నీ కెమెరా తెచ్చుకో’ అంటారు.

అప్పుడు కాంపాక్ట్ తీసుకెళ్తే? ఫొటో ఎంత బాగా వచ్చినా టీమ్‌కు మీరు ఉపయోగపడరు. చాలా కాంపాక్టులకు పైన హాట్‌షూ ఉండదు, ఫ్లాష్ ట్రిగ్గర్ బిగించలేరు. మండపానికి రెండో వైపు నుంచి టెలీ లెన్స్‌తో తియ్యమంటే మీ దగ్గర లెన్స్ మార్చే దారే లేదు. బ్యాటరీ చూసినా అంతే. కంపెనీ లెక్క ప్రకారం జీ7 ఎక్స్ మార్క్ 3 ఒక ఛార్జింగ్‌తో తీసేవి 235 ఫొటోలు. సోనీ జడ్‌వీ-ఇ10 అయితే సుమారు 440. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటలకు ఉంటే, జీలకర్ర-బెల్లం దాకా కూడా చిన్న బ్యాటరీ నిలవదు. ‘ఒక్క నిమిషం ఆగండి, బ్యాటరీ మారుస్తా’ అంటే పంతులుగారు ఆగరు. తలంబ్రాలు మళ్లీ పోయించలేం.

మిర్రర్‌లెస్ ఉన్నా మీ హద్దు తెలిసి ఉండాలి. ఇక్కడ చెప్పుకున్న ఎంట్రీ లెవెల్ మోడళ్లన్నిటికీ మెమరీ కార్డు స్లాట్ ఒక్కటే. కార్డు పాడైతే పెళ్లే పోయినట్టు. పెళ్లిళ్లు తీసే సీనియర్లు రెండు స్లాట్లున్న కెమెరాలు వాడి రెండు కార్డుల్లో ఒకేసారి సేవ్ చేసుకునేది అందుకే. కాబట్టి ఈ కెమెరాతో ‘రెండో కెమెరా’గా వెళ్లండి, తెలిసినవాళ్ల పెళ్లి మొత్తం ఒంటరిగా ఒప్పుకోకండి. పిన్ని కూతురి పెళ్లయినా సరే. ముఖ్యంగా పిన్ని కూతురి పెళ్లయితే!

ఇంకో చిన్న సంగతి. ఎల్‌ఈడీ ప్యానెళ్ల కింద ఫొటోల్లో, వీడియోల్లో నల్లటి అడ్డగీతలు పడుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ స్పీడ్ 1/50 లేదా 1/100 పెడితే చాలావరకు పోతాయి. ఇది తెలిసిన అసిస్టెంట్‌కూ తెలియనివాడికీ రెండో పెళ్లికి పిలుపు రావడంలోనే తేడా కనిపిస్తుంది.

పెళ్లిళ్లే కాదు. ఆన్‌లైన్లో చీరలు, నగలు అమ్మే దుకాణాలకు కేటలాగ్ ఫొటోలు, రెస్టారెంట్లకు మెనూ ఫొటోలు, ఫ్లాట్లు అమ్మేవాళ్లకు గదుల ఫొటోలు.. వీటన్నిటికీ మాక్రో, వైడ్, ఫ్లాష్ అని ఏదో ఒకటి విడిగా తగిలించాల్సి వస్తుంది. తగిలించే చోటు ఉన్న కెమెరాయే కావాలి. ఫ్లాష్ కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. అన్ని ఫ్లాష్‌లూ అన్నిటికీ కుదరవు. కానన్ ఆర్50 మీద పాత తరహా ఫ్లాష్ పెట్టాలంటే మధ్యలో ఒక అడాప్టర్ కొనాలి.

మరి జేబు కెమెరా ఎవరికి?

జర్నలిజం చదువుతున్నారా? లాడ్ బజార్‌లో గాజులు చేసేవాళ్ల గురించో, మోండా మార్కెట్ తెల్లవారుజాము గురించో కథనం రాయాలనుకుంటున్నారా? పెద్ద కెమెరా తీయగానే మనుషులు బిగుసుకుపోతారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపేస్తాడు. జేబులోంచి చిన్నది తీస్తే ఎవరూ పట్టించుకోరు. ఈ పనికి రికో జీఆర్ 3 లాంటిది ప్రత్యేకం. 257 గ్రాముల్లో ఏపీఎస్-సి సెన్సర్ ఇరికించారు. జూమ్ లేదు, స్క్రీన్ తిరగదు, వీడియో అంతంతమాత్రం. వీధి ఫొటోలు తప్ప మరో పని పెట్టుకోనివాళ్లకే అది.

కాంపాక్ట్‌కు ఉన్న అసలు బలం రోజూ మీతో ఉండటం. జీ7 ఎక్స్ మార్క్ 3 బరువు 304 గ్రాములు. ఆర్50 కిట్ లెన్స్‌తో కలిపి సుమారు 505. రెండొందల గ్రాములే కదా అనిపిస్తుంది. కానీ బరువు కంటే ఆకారం ముఖ్యం. ఒకటి ప్యాంటు జేబులోకి పోతుంది, రెండోదానికి బ్యాగు కావాలి. బ్యాగు రోజూ మోయం. సిటీ బస్సులో నిలబడి కాలేజీకి వెళ్లేవాళ్లకు ఇది బాగా తెలుసు.

యూట్యూబ్, రీల్స్ చేసేవాళ్లకు కూడా కాంపాక్టులు అనుకూలమే. స్క్రీన్ మీ వైపు తిరుగుతుంది, చాలావాటికి బయటి మైక్ పెట్టుకునే జాక్ ఉంది. అయితే మీరు చేసేది ఏమిటో చూసుకోండి. జీ7 ఎక్స్ మార్క్ 3 4కేలో ఒక్కో క్లిప్ పది నిమిషాల లోపే ఆపేస్తుంది. నడుస్తూ మాట్లాడే వ్లాగ్‌కు ఫర్వాలేదు. ఊరి సర్పంచ్‌ను కూర్చోబెట్టి అరగంట ఇంటర్వ్యూ చేస్తుంటే మధ్యలో ఆగిపోతుంది. అలాంటి పనికి జడ్‌వీ-ఇ10 నయం. వీడియో కోసం ఆర్100 చూస్తున్నవాళ్లు ఒకటి గమనించండి: దాని స్క్రీన్ తిరగదు, టచ్ కూడా లేదు. మిమ్మల్ని మీరు తీసుకునేటప్పుడు ఫ్రేమ్‌లో ఉన్నారో లేదో దేవుడికే తెలియాలి.

డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీల్లో కంటెంట్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకైతే నా ఉద్దేశంలో ముందు కొనాల్సింది కెమెరా కాదు, ఒక మంచి కాలర్ మైక్. చిత్రం కాస్త మసగ్గా ఉన్నా చూస్తారు. మాట వినబడకపోతే వేలితో పైకి నెట్టేస్తారు.

మీ ఊరి స్టూడియో ఏ మౌంట్?

మిర్రర్‌లెస్ వైపు మొగ్గితే కానన్, సోనీ, నికాన్ అని స్నేహితుల మధ్య వాదన మొదలవుతుంది. చిత్రం నాణ్యత మీద కొట్టుకోవడం దండగ, ఈ ధరలో అన్నీ మంచివే. చూడాల్సింది లెన్స్ తగిలించే మౌంట్. సోనీ ఈ-మౌంట్‌కు సిగ్మా, టామ్రాన్ లాంటి కంపెనీల లెన్సులు ఎప్పటి నుంచో ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతాయి. కానన్ ఆర్‌ఎఫ్ మౌంట్‌లోకి ఆ రెండు కంపెనీలూ 2024లోనే ఏపీఎస్-సి లెన్సులతో వచ్చాయి. నికాన్ జడ్ మౌంట్‌కూ కొన్ని ఉన్నాయి.

వీటన్నిటికంటే పనికొచ్చే సలహా: మీరు ఏ స్టూడియోలో పని నేర్చుకోవాలనుకుంటున్నారో అక్కడికి వెళ్లి వాళ్లేది వాడుతున్నారో చూసి అదే మౌంట్ కొనండి. సర్ లెన్స్ ఒక పూట అడిగి తెచ్చుకోవచ్చు. ఎడిటింగ్‌లో మీ ఫొటోల రంగు వాళ్లవాటితో కలుస్తుంది. బ్యాటరీ అయిపోతే పక్కవాడిది సరిపోయే అవకాశమూ ఉంది.

పాతది కొంటే

డబ్బు చాలకపోతే సెకండ్ హ్యాండ్ మిర్రర్‌లెస్ మంచి దారి. సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ మాత్రం నేను సిఫార్సు చేయను. లోపలికి ముడుచుకునే లెన్స్‌తో పాటు దుమ్ము లోపలికి వెళ్లి సెన్సర్ మీద కూర్చుంటుంది. దాన్ని తుడవాలంటే కెమెరా మొత్తం విప్పాలి. లెన్స్ మోటారు మొరాయిస్తే లెన్స్ మార్చే వీలు లేదు, రిపేరు ఖర్చు చూస్తే కెమెరానే వదిలేయాలనిపిస్తుంది. మిర్రర్‌లెస్‌లో బాడీ పోతే లెన్స్ మిగులుతుంది, లెన్స్ పోతే బాడీ మిగులుతుంది.

పాతది చూసేటప్పుడు ఎఫ్/16 పెట్టి తెల్ల గోడను ఫొటో తీయండి. నల్లచుక్కలు కనిపిస్తే అది సెన్సర్ మీది దుమ్ము, శుభ్రం చేయించొచ్చు. లెన్స్‌లోంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. వద్దని చెప్పి వచ్చేయండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఈ జబ్బు త్వరగా పడుతుంది. మీది కొత్తదైనా గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి, బీరువాలో బట్టల మధ్య కాదు. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. అసలు బిల్లు చూపించమనండి, దానిమీది సీరియల్ నంబరూ కెమెరా అడుగున ఉన్నదీ ఒకటేనా చూడండి. దొంగ సరుకు కొని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగే ఓపిక మీకు లేదు.

ఈఎంఐకి ముందు

కెమెరా ఖర్చు కెమెరాతో ఆగదు. రెండో బ్యాటరీ, మంచి బ్రాండ్ కార్డు రెండు, బ్యాగు. 24 మెగాపిక్సెల్ రా ఫైల్ ఒక్కొక్కటి 25–30 ఎంబీ ఉంటుంది, వెయ్యి ఫొటోలు తీస్తే 30 జీబీ. వాటిని తెరవగల ల్యాప్‌టాప్ ఇంట్లో ఉందా? సాఫ్ట్‌వేర్‌కు డబ్బు లేకపోయినా ఫర్వాలేదు. ఫొటోలకు డార్క్‌టేబుల్ పూర్తిగా ఉచితం. వీడియో ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ మొదట్లో సరిపోతుంది.

సంపాదన మొదలవకుండా ఈఎంఐ పెట్టుకోవడం నాకు నచ్చని పని. పెళ్లిళ్ల పని ముహూర్తాల వెంట నడుస్తుంది. ఆషాఢంలో, మూఢంలో నెలల తరబడి ఖాళీ. బ్యాంకుకు మూఢం ఉండదు. మొదటి రెండు మూడు పనులకు కెమెరా అద్దెకు తీసుకోండి. హైదరాబాద్, విజయవాడ లాంటి నగరాల్లో రోజు లెక్కన ఇస్తారు, ఆధార్, డిపాజిట్ అడుగుతారు. ఒక రోజు కాంపాక్ట్, ఒక రోజు మిర్రర్‌లెస్ తెచ్చుకుని చూస్తే ఈ వ్యాసం మొత్తం మీ చేతికే అర్థమవుతుంది.

చదువుగానే తీసుకోవాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ ఉంది. అక్కడ చేరే ఆలోచన ఉంటే ఇప్పుడే కాంపాక్ట్ మీద డబ్బు పెట్టకండి. మాన్యువల్ సెట్టింగులు నేర్చుకోవడానికి, లెన్సులు మార్చి చూడటానికి మిర్రర్‌లెస్సే అక్కరకొస్తుంది.

దుకాణానికి వెళ్లే రోజు మీ సొంత మెమరీ కార్డు పట్టుకెళ్లండి. కోఠిలోనో, మీ ఊరి బజార్లోనో, రెండు కెమెరాల్లోనూ అదే కార్డు వేసి దుకాణం లోపలి మసక మూలలో ఎవరినైనా మీ వైపు నడవమని చెప్పి వరసగా పది ఫొటోలు తీయండి. స్క్రీన్ మీద చూసి తేల్చేయకండి, అక్కడ అన్నీ బాగుంటాయి. ఇంటికెళ్లి ల్యాప్‌టాప్‌లో పెద్దవి చేసి కళ్ల దగ్గర చూడండి. కొనేది మర్నాడే. జీఎస్టీ బిల్లు లేకుండా నాలుగైదు వేలు తగ్గిస్తానంటే అది ఇండియా వారంటీ లేని బయటి సరుకు కావచ్చు, ఆ తగ్గింపు వద్దనండి. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకుని, వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర, తేదీ వేయించుకున్నాకే పెట్టె బ్యాగులో పెట్టండి.